ఎకరం వరి, నాలుగు మడులు: యాసంగి 2025–26 ప్రాజెక్టు డైరీ

నవంబరు మూడో వారం: ఏం చూడాలని

రేపటి సేద్యం ఇలా ఉండాలని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఒకరు డ్రోను, నానో యూరియా అంటారు. ఒకరు ఆవుపేడ, బెల్లం అంటారు. ఇంకొకరు నాటే పని లేని వరి, నీళ్లు తగ్గిస్తే కార్బన్ క్రెడిట్ (భూమిని వేడెక్కించే వాయువులు తగ్గించినందుకు ఇచ్చే) డబ్బు అంటారు. వీటిలో ఏది మంచిదో తేల్చడం ఈ పరీక్ష పని కాదు. ఎకరం పొలంలో, ఒక్క సీజన్లో అది తేలదు కూడా. ఒక్కో పద్ధతి వెనక ఏ బలం తోస్తోంది, ఏది అడ్డం పడుతోంది అన్నది గంటల్లో, లీటర్లలో, రూపాయల్లో రాసిపెట్టాలి. దిగుబడి కూడా ఆ పుస్తకంలో ఒక గడి.

పొలం బోరు కింద ఎకరం. 40 గుంటలను పదేసి గుంటల చొప్పున నాలుగు మడులు చేశాం. పది గుంటలంటే సుమారు 1,012 చదరపు మీటర్లు. ఇకపై లెక్కలన్నీ దీని మీదే.

1. అలవాటు మడి: చుట్టుపక్కల చేసినట్టే. ఎకరాకు 3 బస్తాల యూరియా, ఒక బస్తా డీఏపీ, నిలవ నీరు.
2. లెక్క మడి: సిఫారసు మోతాదు, ఆకురంగు పట్టిక (ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే రంగుల పట్టీ) చూసి యూరియా. మధ్యలో గట్టు వేసి రెండు సగాలు చేశాం. ఒక సగంలో నిలవ నీరు, రెండో సగంలో తడి–పొడి, అంటే నీరు ఆరనిచ్చి మళ్లీ పెట్టడం.
3. జీవామృతం మడి: రసాయనం లేదు.
4. డ్రమ్ మడి: నారు లేదు, నాటు లేదు. మొలకెత్తిన వడ్లు డ్రమ్ సీడర్‌తో (వరుసల్లో గింజలు రాల్చే రంధ్రాల డ్రమ్ముల పరికరం) నేరుగా. ఎరువు లెక్క మడిదే.

రకం నాలుగింటికీ ఒకటే, ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెలంగాణ సోన. అగ్గితెగులును తట్టుకుంటుందనేది ఒక కారణం. సన్నగింజ అనేది అసలు కారణం. ఈ సీజన్‌కు కేంద్రం మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369, గ్రేడ్-ఏ రకానికి 2,389 రూపాయలు. సన్నాలకు తెలంగాణ రాష్ట్రం బోనస్ 500. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే ఏ విత్తనం కొనాలో దుకాణానికి పోకముందే సగం తేలిపోయింది.

జన్యు సవరణ వరి ఎందుకు పెట్టలేదని అడుగుతారు కాబట్టి ఒక మాట. 2025 మే 4న కేంద్రం రెండు రకాలు ప్రకటించింది. డీఆర్‌ఆర్ ధాన్ 100 (కమల) రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ తయారుచేసింది, దాని మూలం బాపట్ల సాంబమసూరి బీపీటీ 5204. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1, మూలం మారుటేరు ఎంటీయూ 1010. బయటి జన్యువు చొప్పించని ఇలాంటి సవరణలకు 2022 మార్చిలోనే కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. కమల మాతృరకం కన్నా 20 రోజులు ముందే కోతకొస్తుందని ప్రకటనలో ఉంది. ఆ 20 రోజుల విలువ ఎంతో కింద జీలుగ (పచ్చిరొట్ట పైరు) దగ్గర తెలుస్తుంది. విత్తనం చేతికి రాలేదు కాబట్టి ఈసారికి లేదు.

నవంబరు చివరి వారం: గట్లు, కాలువ

పరీక్ష పాడయ్యేది ఎరువు దగ్గర కాదు, గట్టు దగ్గర. మడి నుంచి మడికి నీళ్లు పారించడం అలవాటు. అలా చేస్తే అలవాటు మడి యూరియా జీవామృతం మడిలో తేలుతుంది. అందుకే బోరు తొట్టి నుంచి పక్కగా ఒక పిల్లకాలువ తీసి, ప్రతి మడికీ వేరే తూము పెట్టాం. మిగులు నీరు ఇంకో పక్క మురుగు కాలువలోకి.

మడుల మధ్య గట్లకు లోపల పాలిథీన్ షీటు నిలబెట్టాలి, కనీసం అడుగు లోతు దిగాలి. మూడు గట్లకు పెట్టి, 1, 3 మడులు మూల దగ్గర కలిసే చిన్న ముక్కకు పెట్టలేదు, షీటు అయిపోయిందని. దాని ఫలితం జనవరి పుటలో ఉంది.

బోరు కొలత: 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండింది. సెకనుకు 5 లీటర్లు, గంటకు 18,000. పది గుంటల్లో 5 సెంటీమీటర్ల నీరు నిలపాలంటే 50,600 లీటర్లు, అంటే 2 గంటల 50 నిమిషాలు. నేలలోకి ఇంకిపోయేది కాక. ఈ కొలత నెలకోసారి మళ్లీ తీయాలి. ఎండ ముదిరేకొద్దీ బోరు తగ్గుతుంది, పాత లెక్కతో గంటలు గుణిస్తే వాడని నీళ్లు కూడా వాడినట్టు పడతాయి.

డిసెంబరు మొదటి వారం: నారుమడి, జీలుగ లేని లోటు

నాటే మూడు మడులకు ఎకరాకు 20 కిలోల లెక్కన 15 కిలోల వడ్లు, గుంటన్నర నారుమడి. రెండింటికి కిలో విత్తనానికి లీటరు నీటిలో గ్రాము కార్బెండజిమ్ తెగులుమందు, 24 గంటల నానబెట్టడం. మూడో మడి విత్తనానికి బీజామృతం (పేడ, మూత్రంతో చేసే విత్తనశుద్ధి ద్రావణం), దాని నారు వేరే చెక్కలో.

యాసంగి నారుకు శత్రువు చలి. ఆకు పండుబారి, ఎదుగుదల ఆగి, చూడటానికి ఎరువు చాలనట్టే ఉంటుంది. యూరియా వేస్తే లాభం లేదు. వేళ్లు చల్లటి నీళ్లలో పనిచేయడం లేదు, అంతే. పొద్దున్నే పాత నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెట్టాలి, భూమిలోంచి వచ్చే నీరు ఆ వేళకు గోరువెచ్చగా ఉంటుంది. రాత్రి కర్రల మీద పాలిథీన్ పట్టా కప్పి పొద్దెక్కగానే తీయాలి. ఎకరా నారుకు, అంటే రెండు గుంటలకు, భాస్వరం కిలో బదులు రెండు కిలోలు వేయాలి.

ఇక అసలు లెక్క. యాసంగి వరికి సిఫారసు ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 భాస్వరం, 16 పొటాష్. పది గుంటలకు 12, 6, 4. భాస్వరం 6 కిలోలకు 13 కిలోల డీఏపీ, దాంతో 2.3 కిలోల నత్రజని వస్తుంది. మిగతా 9.7కు 21 కిలోల యూరియా. పొటాష్‌కు 6.7 కిలోల మ్యూరేట్. తూకం వేసి, మూటలు కట్టి, పేరు రాసిపెట్టడానికి పూట కూడా పట్టలేదు.

మూడో మడికి అదే 12 కిలోల నత్రజని ఎక్కడినుంచి? జీవామృతం నుంచి అనుకుంటే పొరపాటు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. పేడలో నత్రజని అరశాతం లోపు, మూత్రంలో శాతం అటూఇటూ, పిండిలో మూడు శాతం పైన. మొత్తం కలిపినా ఎకరాకు ఒక్క దఫాలో 200 గ్రాముల దగ్గర. పది దఫాలు పోసినా రెండు కిలోలు. అది ఎరువు కాదు, నేలలోని సూక్ష్మజీవులకు తోడు. దాన్ని పెట్టమని చెప్పేవాళ్లలో తెలిసినవాళ్లు ఈ మాట దాచరు. తెలియనివాళ్లే బస్తాకు బదులు డ్రమ్ము అంటారు.

అసలు నత్రజని రావాల్సింది జీలుగ నుంచి. ఎకరాకు 12–15 కిలోల విత్తనం చల్లి, 45 రోజులకు పూత మీద కలియదున్నితే 24 నుంచి 32 కిలోలు దక్కుతుంది. కానీ వానాకాలం వరి నవంబరులో కోస్తారు, డిసెంబరులో నారు పోస్తారు. ఆ మధ్య 45 రోజులు ఎక్కడ? వరి మీద వరికి దారి వేసింది రెండు విధానాలు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు, ఊరి దగ్గరికే వచ్చే కొనుగోలు కేంద్రం. రెండూ రైతుకు మేలు చేసినవే. అవే జీలుగకు సందు లేకుండా చేశాయి. ఇరవై రోజులు ముందు కోసే రకం విలువ ఇక్కడ. పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యం కార్యక్రమం వానలకు ముందే నవధాన్యాలు చల్లించేది కూడా ఈ ఖాళీని పట్టుకోవడానికే.

కాబట్టి మూడో మడికి దొరికింది వేశాం: బాగా మాగిన పశువుల ఎరువు టన్ను (నత్రజని 5 కిలోలు, మొదటి పంటకు అందేది అందులో మూడో వంతు), వేపపిండి 50 కిలోలు (రెండు, రెండున్నర కిలోలు). అన్నీ కలిపి నాలుగు కిలోల దగ్గరే. పన్నెండు కావాల్సిన చోట నాలుగు. పిలక దశలో ఈ మడి వెనకబడుతుందని ఇప్పుడే రాసిపెడుతున్నాం, తర్వాత ఆశ్చర్యపోకుండా.

ఉన్నపళంగా మారితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021 ఏప్రిల్లో రసాయన ఎరువుల దిగుమతి ఆపి, నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. నేలను తయారు చేయకుండా బస్తా ఆపితే ఈ లోటే దేశమంత అవుతుంది.

డిసెంబరు 20: డ్రమ్ సీడర్

పది గుంటలకు 3 కిలోల వడ్లు. 24 గంటలు నానబెట్టి, గోనెసంచిలో కట్టి, గడ్డి కప్పి మండె కట్టాం. మామూలుగా 24 గంటలు చాలు, ఈ చలికి 36 పట్టింది. ముక్కు పగిలి తెల్లగా కనపడగానే ఆపాలి. ఇంకో పూట ఉంచితే వేర్లు సాగి ఒకదానికొకటి చిక్కుకుని డ్రమ్ము రంధ్రాల్లోంచి రాలవు.

మొదటి సాలు అలాగే పోయింది. ఎనిమిది వరుసల్లో మూడు ఖాళీ. వేరు సాగడం వల్ల కాదు, తడి వల్ల. గింజలకు అంటిన నీటితో ముద్దకట్టాయి. నీడలో అరగంట గోనెపట్టా మీద ఆరబోసి, డ్రమ్ములు మూడొంతులు మాత్రమే నింపి లాగితే సాఫీగా రాలాయి. నిండా నింపితే లోపల గింజలకు దొర్లే చోటుండదు.

రెండో జాగ్రత్త దమ్ము. దున్నిన రోజే లాగితే గింజ బురదలోకి దిగి మురుగుతుంది. ఈ నల్లరేగడిలో రెండు రోజులు తేరనిచ్చి, నీళ్లు పూర్తిగా తీసి, వేలితో గీసిన గీత పూడకుండా నిలిచినప్పుడు లాగాలి. గుంటలు మిగిలిన చోట మొలక రాలేదు, రెండు చోట్ల చాప పరిచినంత బోడి మచ్చలు పడ్డాయి. చదును చెక్క ఇంకోసారి తిప్పి ఉంటే సరిపోయేది.

ఈ మడిలో మిగిలేది నాటు కూలి, నారు ఖర్చు. వచ్చిపడేది కలుపు. నాటిన మడిలో వరి నెల ముందుంటుంది. ఇక్కడ ఊద, తుంగ, వరి ఒకే రోజు లేస్తాయి. విత్తిన 3–5 రోజుల్లో సేఫ్‌నర్ (వరి మొలకను కాపాడే పదార్థం) కలిసిన ప్రెటిలాక్లోర్ కలుపుమందు, 15–20 రోజుల మధ్య బిస్‌పైరిబాక్ సోడియం ఎకరాకు 100 మిల్లీలీటర్ల లెక్కన. సేఫ్‌నర్ లేని మామూలు ప్రెటిలాక్లోర్ నాటిన వరికి వాడేది, దాన్ని ఇక్కడ కొడితే మొలక కూడా పోతుంది. డబ్బా మీద చూసి కొనాలి, దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

నాటే కైకిలి దొరకదు, దొరికినా బెంగాల్, బిహార్ నుంచి వచ్చే బృందాల తేదీ ఖాళీ ఉండాలి. ఆ కొరతే వరిని నాటు నుంచి గడ్డిమందు వైపు తోస్తోంది. ఢిల్లీ పూసా సంస్థ 2021లో గడ్డిమందును తట్టుకునే రెండు బాస్మతి రకాలు విడుదల చేసింది, పూసా బాస్మతి 1979, 1985. నేరుగా విత్తే వరి ఎటు పోతోందో దాంట్లో కనపడుతుంది.

జనవరి: నాట్లు, జింకు, ఆ మూల

5న నాట్లు. యాసంగిలో 30 రోజుల నారు ముదురు కాదు. ఆకు కొసలు తుంచి నాటాలి, కాండం తొలుచు పురుగు గుడ్లు అక్కడే ఉంటాయి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట, తూర్పు పడమరలుగా. బాట పోతే వరి పోయినట్టు ముఠాలకు అనిపిస్తుంది, తాడు పట్టుకుని నిలబడకపోతే కలిపి నాటేస్తారు. సుడిదోమ వచ్చినప్పుడు మందు మొదళ్లకు అందేది ఈ బాటల్లోంచే.

23న, నాటిన 18వ రోజు, రెండు మడుల్లో మూడో నాలుగో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, మధ్య ఈనె తెల్లబడటం. జింకు లోపం. వరి మీద వరి వేసే నేలలో ఇది చుట్టం. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేస్తే సరిపోయేది. డీఏపీ వేసిన రోజే వేయకూడదు, భాస్వరం దాన్ని కట్టేస్తుంది. రెండు రోజుల తేడా ఇవ్వాలని పక్కన పెట్టి అసలే వేయలేదు. ఇప్పుడు లీటరుకు 2 గ్రాములు, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ. మూడో మడిలో మచ్చలు తక్కువగా కనపడ్డాయి, పశువుల ఎరువు వేసింది అక్కడే.

ఆ మూల సంగతి. మూడో మడి అంతా లేత ఆకుపచ్చగా ఉంటే, 1వ మడికి తగిలే మూలలో మూర వెడల్పున ముదురాకుపచ్చ. వంగి చూస్తే గట్టులో ఎండ్రకాయ బొక్క, వేలు దూరేంత. అలవాటు మడిలో నాలుగు రోజుల క్రితం చల్లిన యూరియా అందులోంచి కారుతోంది. బొక్కలో బంకమట్టి కూరి, షీటు తెచ్చి దించాం. కోత కొలతలో ఈ మూలను, అన్ని గట్ల పక్కా మీటరు వెడల్పును వదిలేయాలి.

జీవామృతం కూడా చలికి మొండికేసింది. 48 గంటలకు నురగ రాలేదు. నీడలో ఉంచమంటారని చెట్టు కింద పెట్టిన డ్రమ్మును గోడ పక్కకు జరిపి, గోనెపట్టా చుట్టి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పితే నాలుగో రోజుకు పులిసింది. పుల్లటి వాసన వస్తే సరి, కుళ్లు వాసన వస్తే తిప్పలేదని అర్థం. తయారైనది వారంలోపు వాడాలి. పది గుంటలకు 50 లీటర్లు, 15 రోజులకోసారి, నీటితోపాటు తూము దగ్గర సన్నధారగా.

ఫిబ్రవరి: తడి–పొడి గొట్టం, ఆటో స్టార్టర్

గొట్టం చేయడం సులువు. అడుగు పొడవు, నాలుగంగుళాల పీవీసీ ముక్క. కింది సగంలో రెండేసి సెంటీమీటర్లకు 5 మిల్లీమీటర్ల రంధ్రాలు. 15 సెంటీమీటర్లు నేలలోకి దించి, లోపలి మట్టి తోడేయాలి. తోడకపోతే లోపల ఎప్పుడూ బురదే కనపడుతుంది. గట్టు నుంచి రెండు మీటర్లు లోపల, మరీ పల్లంలో, మరీ మెరకలో కాకుండా. నాటిన రెండు వారాల నుంచి మొదలు. గొట్టంలో నీరు నేలమట్టం కన్నా 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు 5 సెంటీమీటర్లు పెట్టాలి. ఈనికకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనీయకూడదు.

మొదటి మూడు రోజులు పుల్లతో కొలిచి రాశాం: 4, 7, 10 కిందికి. నాలుగో రోజు పొద్దున మడి నిండా నీళ్లు. ఎవరూ పెట్టలేదు. ఆటో స్టార్టర్ పెట్టింది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, మోటారు దానంతటదే తిరిగింది, తూము సరిగ్గా మూయలేదు.

ఆటో తీసేయమని చెప్పడం తేలిక. ఉచిత కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వమే తీసేయమంది. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లాగితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కానీ అది లేకపోతే అర్ధరాత్రి టార్చి పట్టుకుని పాములున్న గట్టు మీద మోటారు దాకా ఎవరో నడవాలి. కరెంటు బిల్లు సున్నా అయినప్పుడు ఆ నడక మాత్రమే ఖర్చు, దాన్ని ఆటో తీసేస్తుంది. నీళ్లు ఆదా చేసినవాడికి ఆ ఆదాలోంచి దక్కేది ఏమీ లేదు, ఎండాకాలం బోరు ఇంకో వారం పోయడం తప్ప. అది కూడా పక్క బోర్లు ఆగితేనే. తడి–పొడితో మీథేన్ సగం దాకా తగ్గుతుందని, దానికి క్రెడిట్ డబ్బు ఇస్తామని వచ్చే కంపెనీలు పట్టుకున్నది ఈ ఖాళీనే. ఫారం మీద సంతకం చేసేముందు చూడాల్సినవి: ఎన్నేళ్ల ఒప్పందం, డబ్బు ఏ నెలలో, ఒక తడి తప్పితే ఏమవుతుంది, కౌలు రైతుకా పట్టాదారుకా.

మా పరిష్కారం సిమ్ పెట్టే మొబైల్ స్టార్టర్. ఆటోను మూసి, ఫోనుతో ఆన్, ఆఫ్. నడిచిన నిమిషాలు ఫోనులోనే పడతాయి, నీటి లెక్కకు అదే పుస్తకం.

యూరియా సంగతి. లెక్క మడిలో దమ్ములో 7 కిలోలు పడ్డాయి, మిగతాది ఆకురంగు పట్టిక చెప్పినప్పుడే. వారానికోసారి పొద్దున 8–10 మధ్య, మన నీడ ఆకు మీద పడేలా నిలబడి, పది కుదుళ్లలో పూర్తిగా విచ్చుకున్న పై ఆకు మధ్యభాగం చూడాలి. సన్నాలకు గీత 3. పదిలో ఆరు అంతకన్నా పాలిపోతే 5–6 కిలోలు. నీళ్లు తీసి బురదపదునులో చల్లి, 36–48 గంటల తర్వాత పలుచగా నీరు. ఎండలో చూస్తే ప్రతి ఆకూ పాలిపోయినట్టే ఉంటుంది, అనవసరంగా ఒక దఫా ఎక్కువ పడుతుంది.

పట్టికను ఓడించేది ధర. 45 కిలోల బస్తా 266.50 రూపాయలు. అందులో 20.7 కిలోల నత్రజని, కిలో 13 రూపాయలు కూడా పడదు. ఆ ధరకు పట్టిక పట్టుకుని వారం వారం మడిలో దిగేదెవరు? దొరికినప్పుడు తెచ్చి దొరికినంత చల్లడమే తెలివి అనిపిస్తుంది. 2025 వానాకాలంలో యూరియా కరువై దుకాణాల ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డాక ఆ తెలివి ఇంకా గట్టిపడింది. దాని బదులు అంటున్న నానో యూరియాను అలవాటు మడిలో ఒక గుంట పట్టీలో లీటరుకు 4 మిల్లీలీటర్లు కొట్టాం. 2021లో వచ్చిన మొదటి రకం అరలీటరు సీసాలో 4 శాతం లెక్కన ఉండే నత్రజని 20 గ్రాములు. బస్తాలో 20.7 కిలోలు. వెయ్యి రెట్ల తేడాను ఆకు ఎలా పూడుస్తుందో మాకు అంతుపట్టలేదు. అందుకే ఆ పట్టీలో చివరి దఫా యూరియా ఆపి, పక్క పట్టీలో వేసి, విడిగా కోస్తున్నాం.

మార్చి చివరి వారం: గింజ పాలు పోసుకుంటోంది

అలవాటు మడి చూపులకు అందంగా ఉంది. మొదళ్లు విప్పితే సుడిదోమ కూడా అక్కడే ముందు కనపడింది, నత్రజని ఎక్కువైన మెత్తటి కాండం దానికి ఇష్టం. బాటల్లో నీళ్లు తీసి మడి ఆరబెట్టాం. మూడో మడి అనుకున్నట్టే పిలకల్లో వెనకబడింది. దోమ మాత్రం వెతికితేగాని దొరకడం లేదు.

కోతకు తయారీ. ప్రతి మడిలో, లెక్క మడి రెండు సగాల్లో విడివిడిగా, 5×5 మీటర్ల చదరం కర్రలు పాతి, తాడు కట్టాం. ఎక్కడ పాతాలో కంటితో ఎంచకూడదు, చీటీలు తీయాలి. బరువును తేమకు సవరించాలి: తూకాన్ని (100 – తేమ)తో గుణించి 86తో భాగిస్తే 14 శాతం తేమ దగ్గరి బరువు. ఉదాహరణకు 22 శాతం తేమతో 16 కిలోలు తూగితే సవరించాక 14.5. దాన్ని 162తో గుణిస్తే ఎకరాకు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. తరుగు పేరిట కోసేది ఎంతైతే అంత వేరే గడిలో, మడి దిగుబడిలో కలపకుండా.

ఇంకో పరీక్ష ఒకటి ఉంది, సాధారణంగా ఎవరూ చేయరు. యాసంగి ఎండకు గింజ లోపలే చిట్లి, పచ్చి బియ్యం ఆడిస్తే నూక అవుతుంది. అందుకే మిల్లులు ఉప్పుడు బియ్యం వైపు పోయాయి. కేంద్రం ఉప్పుడు బియ్యం వద్దన్నాక 2021–22 యాసంగిలో వరే వేయొద్దని రాష్ట్రం చెప్పే దాకా వచ్చింది. ఎఫ్‌సీఐకి (భారత ఆహార సంస్థకు) పచ్చి బియ్యం క్వింటాలు వడ్లకు 67 కిలోలు ఇవ్వాలి, నూక 25 శాతం దాటకూడదు. ఈసారి మొదటి కోత గింజ గట్టిపడి 20–22 శాతం తేమ ఉన్నప్పుడు, రెండోది వారం తర్వాత. ఒక్కో దాంట్లో నీడన ఆరబెట్టిన 100 గింజలు చేతితో ఒలిచి, ఫోను టార్చి అద్దం మీద పరిచి చూడాలి. చిట్లిన గింజలో అడ్డంగా సన్నటి తెల్లగీత మెరుస్తుంది. లెక్కపెట్టి, మడి నంబరు, కోసిన తేదీ, ఆరబెట్టిన గంటలు పక్కన రాయాలి. రోడ్డు మీద ఆరబోసిన కుప్ప నుంచి కూడా వంద గింజలు తీయాలి, తారు వేడికి చిట్లేది వేరే ఉంటుంది.

మొదటి కోత ఏప్రిల్ 12 ప్రాంతంలో. హార్వెస్టర్ రాకముందే చదరాలు కొడవలితో కోసి పక్కకు తీయాలి. డ్రైవరుకు తాళ్లు కనపడవు.